ఫుల్ ట్యాంకు లెక్క

బుజ్జీ,

కొత్త కారు ఫొటో మీ నాన్న పంపించాడు. సొంత జీతంతో కొనుక్కున్నావు, మాకందరికీ ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను. ఫోన్‌లో నువ్వన్న మాట ఒక్కటి మాత్రం మనసులో ఉండిపోయింది. "పెదనాన్నా, స్విఫ్ట్‌కి ట్యాంకు 37 లీటర్లు, మైలేజీ 24.8. హైదరాబాదులో ఒక్కసారి ఫుల్ చేయిస్తే వైజాగ్ దాకా మధ్యలో బంకు మొహం చూడక్కర్లేదు" అన్నావు. ఆ మాట గురించే ఇదంతా రాస్తున్నాను.

నీ గుణకారంలో తప్పేమీ లేదు. 37ని 24.8తో హెచ్చిస్తే 917 వస్తుంది. విజయవాడ మీదుగా వైజాగ్ సుమారు 620 కిలోమీటర్లు. కాగితం మీద ఇంకా మూడొందలు మిగిలాయి. అయితే ఆ 24.8 ఎలా వచ్చిందో కూడా చూడాలి కదమ్మా. కారును పరీక్షశాలలో రోలర్ల మీద ఎక్కించి, ఏసీ ఆపేసి, ఫలానా సెకనులో ఫలానా వేగం అని ముందే రాసిపెట్టుకున్న ప్రకారం ఇరవై నిమిషాల్లోపు నడిపి తీసిన అంకె అది. ఆ నడకలో వేగం ఎక్కడా 90 దాటదు, ఆ 90 కూడా కొద్దిసేపే. వెనకసీట్లో మీ అమ్మా నాన్నా ఉండరు. డిక్కీలో ఆవకాయ జాడీ, బియ్యం మూట ఉండవు. సూర్యాపేట ఎండ అసలే ఉండదు. కంపెనీవాళ్లు మోసం చేస్తున్నారని నేననను. అన్ని కార్లనూ ఒకే పద్ధతిలో కొలిస్తే దేనికంటే ఏది నయమో తెలుస్తుంది, అందుకు పెట్టిన పరీక్ష అది. దాన్ని నీ ప్రయాణానికి హామీ అనుకోకు.

ఆర్టీసీ డిపోలో పనిచేసినన్నాళ్లూ నేను రోజూ వింటూ వచ్చిన మాట కేఎంపీఎల్. లీటరు డీజిలుకు ఎన్ని కిలోమీటర్లు తెచ్చాడన్నది ఒక్కో డ్రైవరు పేరు మీదా లెక్క కట్టేవాళ్లం. అదే బస్సు, అదే రూటు, అదే డీజిలు. అయినా ఇద్దరి అంకెలు ఒక్కలా ఉండేవి కావు. తేడా ఎక్కడుందో ఇంజను విప్పి చూస్తే దొరకదు, పక్కన నిలబడి ప్రయాణం చేస్తే కనిపిస్తుంది. మంచి కేఎంపీఎల్ తెచ్చే మనిషి ముందు స్టేజీలో జనం ఇంకా చుక్కల్లా కనిపిస్తున్నప్పుడే యాక్సిలరేటరు మీంచి కాలు తీసేసేవాడు. బస్సు తన ఊపుతో తనే వెళ్లేది, బ్రేకు చివర్లో ఒక్కసారి మెత్తగా పడేది. ఇంకొకాయన స్టేజీ దాకా తొక్కుకుంటూ వెళ్లి అక్కడ బ్రేకు కొట్టేవాడు. బ్రేకు కొట్టిన ప్రతిసారీ, ఆ ఊపు తెచ్చుకోవడానికి అంతకుముందు కాల్చిన డీజిలంతా చక్రాల దగ్గర వేడిగా మారి పోయినట్టే. బస్సుకైనా కారుకైనా ఇందులో తేడా లేదు.

ఇక వేగం. గాలి కారును వెనక్కి నెట్టే బలం వేగంతో పాటు సమానంగా పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది. 80 మీద వెళ్లే కారు 110కి వస్తే ఆ బలం దాదాపు రెట్టింపవుతుంది. చౌటుప్పల్ దాటాక రోడ్డు ఖాళీగా కనిపించి కాలు దానంతట అదే కిందికి దిగుతుంది చూడు, ట్యాంకు తరిగేది అక్కడే. దీనికి తోడు ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాలు. లీటరు ఇథనాలులో ఉండే శక్తి పెట్రోలులో ఉండేదానిలో మూడింట రెండు వంతులే కాబట్టి, లీటరుకు ఆరేడు శాతం శక్తి అక్కడే తగ్గింది. నలుగురు మనుషులు, సామాను, రోజంతా ఏసీ అన్నీ కలిపి హైవేలో 18 వచ్చిందనుకో. 37 లీటర్లకు 666. వైజాగ్ చేరతావు గానీ, ఊళ్లోకి వచ్చేసరికి ట్యాంకు అడుగంటుతుంది. వానో, ట్రాఫిక్ జామో, ఒక డైవర్షనో తగిలిందంటే చేరకపోవచ్చు కూడా.

2012లో అమెరికాలో జాన్, హెలెన్ టేలర్ అనే భార్యాభర్తలు ఫోక్స్‌వ్యాగన్ పస్సాట్ డీజిల్ కారును ఒకే ట్యాంకుతో 1,626 మైళ్లు, అంటే 2,600 కిలోమీటర్ల పైన, నడిపించారు. నీలాంటి పిల్లలకు అలాంటివి వింటే ఉత్సాహం వస్తుంది, రావాలి కూడా. వాళ్లు నిమ్మళంగా నడపడాన్నే వృత్తిగా చేసుకున్న మనుషులని మాత్రం గుర్తుంచుకో. ఆ నిదానం నేర్చుకో, ట్యాంకు ఎండేదాకా నడపడం వాళ్లకే వదిలెయ్యి.

ఎందుకంటే పెట్రోలు పంపు ఉండేది ట్యాంకులోనే. చుట్టూ ఉన్న పెట్రోలే దాన్ని చల్లబరుస్తుంది. రోజూ రిజర్వు మీదే తిప్పితే పంపు వేడెక్కి త్వరగా పాడవుతుంది. అది డబ్బుతో పోయే నష్టం. నాకు భయం దానిగురించి కాదు. హైవే మీద పెట్రోలు అయిపోయి ఇంజను ఆగిందంటే, రెండు మూడుసార్లు తొక్కేసరికి బ్రేకు పెడలు బిగుసుకుపోతుంది. ఉన్న ఊపులోనే కారును పక్కకు తీసుకోవాలి. రాత్రిపూట రోడ్డు వారన ఆగిన బండిని వెనకనుంచి లారీ గుద్దిన వార్తలు నువ్వూ చదువుతూనే ఉంటావు. నలుగురి ప్రాణాలున్న కారులో ఆ పందెం మనకొద్దు తల్లీ.

కాబట్టి ముల్లు పావు దగ్గరికి వస్తోందంటే బంకులోకి తిప్పు. ఈసారి ప్రయాణానికైతే రాజమండ్రిలో పోయించు. అప్పటికి నాలుగు వందల పైచిలుకు కిలోమీటర్లు అయివుంటాయి, ఎలాగూ భోజనానికి ఆగుతారు. డ్యాష్‌బోర్డు మీద ఇంకా ఇన్ని కిలోమీటర్లు వస్తుందని కనిపించే అంకె ఇప్పటిదాకా నువ్వు నడిపిన తీరును బట్టి వేసిన అంచనా. ముందున్న ఘాటు సంగతి దానికి తెలియదు. అరకు వెళ్తామన్నావు కదా, శృంగవరపుకోటలోనే పెట్రోలు చూసుకుని అనంతగిరి ఘాటు ఎక్కు. దిగేటప్పుడు పెట్రోలు ఆదా అవుతుందని ఎవరైనా న్యూట్రల్‌లో వదలమంటే వినకు. గేరులో ఉంచి యాక్సిలరేటరు వదిలేస్తే ఈ కాలపు ఇంజన్లకు పెట్రోలు సరఫరా తనంతట తనే ఆగిపోతుంది, బండి కూడా ఇంజను పట్టులో ఉంటుంది. న్యూట్రల్‌లో అయితే ఇంజను తిరగడానికి పెట్రోలు కాలుతూనే ఉంటుంది, బరువంతా బ్రేకుల మీద పడి అవి కాలిపోతాయి.

బయల్దేరే రోజు పొద్దున్నే, టైర్లు చల్లగా ఉండగానే గాలి చూపించు. ఎంత ఉండాలో డ్రైవరు పక్క తలుపు తీస్తే స్టిక్కరు మీద ఉంటుంది. నిండా మనుషులుంటే ఎంత అన్నది కూడా అక్కడే రాసి ఉంటుంది, స్టెప్నీని మర్చిపోవద్దు. బంకులో సున్నా చూసి పోయించుకో, నాజిలు టక్కున ఆగాక ఇంకో రెండు వందలకు పొయ్యమనకు. పైన ఆ మాత్రం ఖాళీ ఉండాలనే అలా ఆగేటట్టు పెట్టారు. అక్కడే ట్రిప్ మీటరు సున్నా చేసుకో. మళ్లీ పోయించినప్పుడు అలాగే నాజిలు ఆగేదాకా పోయించి, తిరిగిన కిలోమీటర్లను పట్టిన లీటర్లతో భాగించు. అదీ నీ కారు మైలేజీ, నీ చేతిలో, మన రోడ్ల మీద. సిటీలో ఒకసారి, హైవేలో ఒకసారి, ఘాటుకు వెళ్లొచ్చాక ఒకసారి రాసుకుని ఆ మూడు అంకెలూ నాకు వాట్సాప్ చెయ్యి. రిజర్వు తీసేసి నీ ట్యాంకు నిజంగా ఎంతదూరం వస్తుందో ఇద్దరం కూర్చుని లెక్క వేద్దాం.

మీ పెదనాన్న