దేహంలోని గడియారం - మనసులోని దిగులు



దివ్య ఖుర్‌ఆన్ నబా సూరాలో అల్లాహ్ తన అనుగ్రహాలను గుర్తుచేస్తూ నిద్రను, రాత్రిని, పగటిని వరుసగా పేర్కొన్నాడు. ఆయన ఏర్పరచిన ఈ రేయింబవళ్ళ లెక్క మన దేహంలోనూ నడుస్తోంది. మెదడు అడుగుభాగంలో, కంటి నరాలు ఒకదానినొకటి దాటే చోటుకి కాస్త పైన, సుమారు 20 వేల కణాల చిన్న గుంపు ఉంది. కంట్లో పడే వెలుతురును బట్టి అది దేహమంతటికీ వేళ తెలుపుతుంది. చీకటి పడ్డాక మెలటోనిన్ అనే హార్మోను ఊరుతుంది. తెల్లవారుజామున కార్టిసాల్ పెరిగి మనిషిని మేల్కొలుపుకు సిద్ధం చేస్తుంది. ఈ గడియారం కణాల లోపల నడిచే తీరును కనుగొన్నందుకు 2017లో ముగ్గురు అమెరికా శాస్త్రవేత్తలకు నోబెల్ బహుమతి లభించింది.

ఈ లెక్క తప్పినవారికి డిప్రెషన్ ముప్పు పెరుగుతుంది. డిప్రెషన్ వచ్చినవారికి నిద్ర ఇంకా చెడుతుంది. కొందరికి తెల్లవారకముందే మెలకువ వస్తుంది, ఉదయం వేళే దిగులు అన్నిటికన్నా భారంగా ఉంటుంది. సరిగ్గా ఆ వేళకే ఇంట్లో మందలింపు మొదలవుతుంది: "ఫజ్ర్‌కు లేవడు, వీడికి ఈమాన్ లేదు."

బద్ధకం వేరు, జబ్బు వేరు. కుమారుని ఎడబాటు దుఃఖంతో హజ్రత్ యాఖూబ్ (అ) కళ్ళు తెల్లబడిపోయాయని ఖుర్‌ఆన్ తెలుపుతోంది. ఆ మహనీయుని ఈమాన్‌ను శంకించేవారెవరు?

ఇక రమజాన్ రాత్రుల సంగతి. తరావీహ్ తర్వాత బజార్లలో, ఫోన్లలో సహరీ వరకు గడిపి, జుహర్ దాకా పడుకోవడం రోజాలో భాగమని మనకెవరు చెప్పారు? ఇషాకు ముందు నిద్రను, ఇషా తర్వాత కబుర్లను దైవప్రవక్త (స) ఇష్టపడేవారు కారని సహీహ్ బుఖారీలో ఉంది. బైపోలార్ జబ్బు ఉన్నవారికైతే నిద్రలేని రాత్రులు ఉన్మాదాన్ని రెచ్చగొట్టగలవు. వారిలో కొందరు వాడే లిథియం, ఒంట్లో నీరు తగ్గితే రక్తంలో విషస్థాయికి చేరవచ్చు. కనుక రమజాన్ రాకముందే డాక్టరును అడగాలి. సొంతంగా మాత్రలు ఆపేయడం తఖ్వా కాదు. వ్యాధిగ్రస్తులు తర్వాతి దినాల్లో ఉపవాసాల లెక్క పూర్తి చేసుకోవచ్చని బఖరా సూరాలో అల్లాహ్ స్వయంగా సౌలభ్యం ఇచ్చాడు. ఆయన ఇచ్చిన సడలింపును కాదనడానికి మనమెవరం?

తల్లిదండ్రులారా! మీ ఇంట్లో అటువంటి బిడ్డ ఉంటే కసరకండి. రాత్రి ఇంటిల్లిపాదీ ఫోన్లు పక్కన పెట్టండి, వాడొక్కడినే కాదు. ఉదయం కిటికీ తెర తీయండి, ఎండ పొడ తగిలేలా కాస్త దూరం వెంట నడిపించండి. పగటి వెలుతురు ఆ గడియారాన్ని సరిచేస్తుంది. దుఆ చేయండి, దానితోపాటు వైద్యమూ చేయించండి. దిగులు రెండు వారాలు దాటినా తగ్గకపోతే మానసిక వైద్యుని వద్దకు తీసుకెళ్ళండి. 2022లో ప్రారంభమైన ప్రభుత్వ టెలి మానస్ సేవకు 14416 నంబరుపై ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. చావే మేలన్న మాట బిడ్డ నోట వస్తే మాత్రం రెండు వారాలు చూడకండి. ఆ రోజే, ఆ గంటే వెళ్ళండి, బిడ్డను ఒంటరిగా వదలకండి.