గేటు బయటికి పంపడం

ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే మనవాళ్లు చూపించే చోట్లలో నయాగరా తర్వాత డిస్నీ ఉంటుంది. నలుగురున్న కుటుంబం ఒర్లాండో వెళ్లి రావడమంటే విమానం, హోటల్, టికెట్లు అన్నీ కలిపి చాలా ఇళ్లలో ఏడాదికి ఒక్కసారి పెట్టే ఖర్చు. అంత పెట్టి లోపలికి వచ్చిన మనిషిని మధ్యాహ్నం రెండింటికి పక్కకి పిలిచి "మీరిక బయలుదేరాలండీ" అనే అధికారం పార్కుకి ఉందా అంటే, ఉంది. టికెట్టు కొన్నంత మాత్రాన మనకి అక్కడ హక్కు రాదు, అనుమతి వస్తుంది. ఇచ్చినవాళ్లు దాన్ని వెనక్కి తీసుకోవచ్చు.

ఇంతవరకు చట్టం సంగతి. ఆ అధికారాన్ని ఎలా వాడితే న్యాయం అన్నది వేరే సంగతి. దాని గురించి మనం ఆలోచించడం మంచిదని నాకనిపిస్తుంది. ఎందుకంటే మనుషుల్ని బయటికి పంపేది పార్కులు మాత్రమే కాదు. ఇళ్లు, స్నేహాలు, సంఘాలు కూడా ఆ పని చేస్తాయి.

ఫ్లోరిడాలో ఇది మామూలుగా ఇలా నడుస్తుంది. లైన్లో కొట్టుకున్నవాళ్లని, ఉద్యోగి మీద చేయి చేసుకున్నవాళ్లని, తాగి గొడవ చేసినవాళ్లని ముందు పార్కు సెక్యూరిటీ పక్కకి తీసుకెళ్తుంది. అవసరమైతే ఆరెంజ్ కౌంటీ షెరిఫ్ ఆఫీసు డెప్యూటీ వచ్చి ట్రెస్‌పాస్ వార్నింగ్ ఇస్తారు. ఈ స్థలంలో మళ్లీ అడుగు పెట్టవద్దని అధికారికంగా చెప్పడం అన్నమాట. విన్న తర్వాత కూడా వస్తే అది నేరం, అరెస్టు చేయవచ్చు. మనలో వీసా మీద ఉన్నవాళ్లకి దీని బరువు ఇంకాస్త ఎక్కువ. స్టాంపింగ్‌కి వెళ్లేముందు నింపే డీఎస్-160లో ఎప్పుడైనా అరెస్టయ్యారా అన్న ప్రశ్న ఉందని మనకి వేరే చెప్పక్కర్లేదు.

కొన్ని కేసుల్లో ఆలోచించడానికి ఏమీ లేదు. 2019 జులైలో డిస్నీల్యాండ్ టూన్‌టౌన్‌లో ఒకే కుటుంబానికి చెందిన పెద్దవాళ్లు చిన్నపిల్లల ఎదుటే కొట్టుకున్నారు. ఆ వీడియో దేశమంతా చూసింది. తర్వాత కేసులు కూడా పెట్టారు. అలాంటివాళ్లని బయటికి పంపడం మిగతా పిల్లల పట్ల దయ. అక్కడ నాకు ఏ సందేహమూ లేదు.

కానీ పార్కు మనల్ని అదుపు చేసేది ఎక్కువగా గార్డులతో కాదు. మెలికలు తిరిగే లైను, ఇనుప కడ్డీలు, ఎటు చూసినా కనిపించే చెత్త డబ్బాలు, చేయెత్తి దారి చూపించే ఉద్యోగులు, ఇవన్నీ మనకి తెలియకుండానే మనల్ని నడిపిస్తాయి. ఇంజినీరుగా చూస్తే నాకు ముచ్చటేస్తుంది. తప్పు చేయడమే కష్టమయ్యేలా కట్టారు. క్లిఫర్డ్ షియరింగ్, ఫిలిప్ స్టెనింగ్ అనే ఇద్దరు నేరశాస్త్ర పరిశోధకులు 1980ల్లో డిస్నీ వరల్డ్‌లోని ఈ పద్ధతి గురించి రాశారు. వాళ్లలో ఒకాయన తన కూతురితో వెళ్లారు. ఆ పాపకి మడమ మీద బొబ్బ వస్తే చెప్పులు విప్పి నడిచింది. పది గజాలు కూడా దాటకముందే తెల్ల హెల్మెట్, తెల్ల గ్లవ్స్ వేసుకున్న గార్డు ఒకతను చాలా మర్యాదగా ఎదురొచ్చాడు. బహామాస్ పోలీసు వేషంలో ఉండడంతో మొదట అతను అలంకరణలో భాగమేమో అనుకున్నారు. సందర్శకుల భద్రత కోసం ఇక్కడ వట్టికాళ్లతో నడవకూడదన్నాడు. పాపకి బొబ్బ ఉంది కదా, ఆమె భద్రతకి చెప్పులు లేకపోవడమే మేలు కదా అంటే, ఈ స్థలంలో ఉన్నంతసేపు మీ భద్రత ఏమిటో నిర్ణయించేది డిస్నీయే అన్నాడు. వినకపోతే బయటికి తీసుకెళ్లాల్సి వస్తుందని కూడా చెప్పాడు. పాప చెప్పులు వేసుకుంది.

ఇందులో ఎవరూ అరవలేదు, ఎవరూ ఎవరినీ తిట్టలేదు. కానీ గార్డు పాప మడమ గురించి అడగలేదు. రూలు అడగమనలేదు. రోజుకి వేలమంది వచ్చే చోట ఒక్కొక్కరి బొబ్బ గురించి వినడం కుదరదన్నది నిజమే. మాజిక్ కింగ్‌డమ్ ఒక్కదానికే ఏడాదికి కోటిన్నరకి పైగా జనం వస్తారు. పార్కుకి మనిషి తెలియదు, పని మాత్రమే కనిపిస్తుంది. వట్టికాళ్లు కనిపించాయి, అంతే. మా ఉద్యోగాల్లో కూడా ఇదే. అనుమానంగా ఉన్న ఖాతాని ఆపేయడానికి ఒక్క లైను కోడ్ చాలు. ఆ ఖాతా వెనక ఎవరున్నారో, ఎందుకలా చేశారో కనుక్కోవాలంటే మనిషి కూర్చుని ఫోన్ చేయాలి. అందుకే ఎవరూ చేయరు.

కనీసం కనిపించిన పనిని బట్టే పంపిస్తే ఒక రకం న్యాయం ఉంటుంది. మనిషి రకాన్ని బట్టి పంపినప్పుడు అదీ ఉండదు. 1960ల్లో డిస్నీల్యాండ్ పొడవు జుట్టున్న మగవాళ్లని గేటు దగ్గరే ఆపేది. (మన ఇళ్లలో క్యాలెండర్ మీద కనిపించే యేసు ప్రభువు కూడా ఆ గేటు దాటేవారు కాదు.) 1970 ఆగస్టు 6న వియత్నాం యుద్ధాన్ని వ్యతిరేకించే యిప్పీలు కొన్ని వందలమంది లోపలికొచ్చి గొడవ చేస్తే, ఆ రోజు పార్కునే ముందుగా మూసేసి అందరినీ ఇంటికి పంపారు. ఆ తర్వాత కొంతకాలం జుట్టు మీద నిఘా ఇంకా గట్టిగా నడిచింది.

జుట్టు సంగతి నవ్వుకోవచ్చు. మేరీలాండ్‌లో జరిగింది నవ్వుకునేది కాదు. వాషింగ్టన్ దగ్గర గ్లెన్ ఎకో అనే పార్కు ఉండేది. నల్లజాతివారిని రానిచ్చేవారు కాదు. 1960 జూన్ 30న అయిదుగురు నల్లజాతి విద్యార్థులు అక్కడి రంగులరాట్నం ఎక్కి కూర్చున్నారు. వాళ్లు ఎవరినీ కొట్టలేదు, ఏదీ విరగ్గొట్టలేదు. పార్కు జీతమిచ్చి పెట్టుకున్న గార్డు, అతని దగ్గర డెప్యూటీ షెరిఫ్ బ్యాడ్జి కూడా ఉంది, వాళ్లని ట్రెస్‌పాస్ కింద అరెస్టు చేశాడు. పై పేరాల్లో చెప్పిన అదే మాట, అదే చట్టం. ఆ శిక్షలు చెల్లవని సుప్రీంకోర్టు 1964లో చెప్పింది. ఈలోగా బాల్టిమోర్ దగ్గరి గ్విన్ ఓక్ పార్కు ముందు 1963 జులై 4న జరిగిన నిరసనలో రెండు వందలమందికి పైగా అరెస్టయ్యారు. వారిలో కాథలిక్ ఫాదర్లు, ప్రొటెస్టెంట్ పాస్టర్లు, యూదు రబ్బీలు ఉన్నారు. ప్రెస్బిటేరియన్ సంఘానికి జాతీయ నాయకుడైన యూజీన్ కార్సన్ బ్లేక్ కూడా ఉన్నారు. పార్కు దృష్టిలో ఆ రోజు "చెడ్డ అతిథులు" పాస్టర్లే. అదే ఏడాది ఆగస్టు 28న, వాషింగ్టన్‌లో లక్షలమంది కవాతు చేసిన రోజునే, ఆ పార్కు గేటు అందరికీ తెరిచింది. పదకొండు నెలల నల్లజాతి పాపని ఆ రోజు రంగులరాట్నం గుర్రం మీద కూర్చోబెట్టారు. ఆ రాట్నం 1981లో వాషింగ్టన్ నేషనల్ మాల్‌కి చేరింది. మ్యూజియాలు చూడ్డానికి వెళ్లిన మన పిల్లల్లో చాలామంది దాని మీద ఎక్కి ఉంటారు.

అందుకని "పార్కు వాళ్లది, వాళ్ల ఇష్టం" అన్న మాటని నేను పూర్తిగా ఒప్పుకోలేను. మన ముత్తాతల్లో ఎంతోమందికి ఊరి బావి దగ్గర చెప్పిన మాట కూడా దాదాపు ఇదే.

ఇప్పటి కాలానికి వస్తే నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టే విషయం ఇంకొకటి. వైకల్యం ఉన్నవారికి డిస్నీ ఒకప్పుడు గెస్ట్ అసిస్టెన్స్ కార్డు ఇచ్చేది. 2013లో న్యూయార్క్ పత్రిక ఒకటి, కొందరు డబ్బున్నవాళ్లు వైకల్యం ఉన్న గైడ్లని గంటల లెక్కన కిరాయికి తెచ్చుకుని లైను తప్పించుకుంటున్నారని రాసింది. అదే ఏడాది అక్టోబరులో డిస్నీ ఆ కార్డు తీసేసి, వెంటనే లోపలికి పంపకుండా ఫలానా టైముకి తిరిగి రమ్మనే కొత్త పద్ధతి పెట్టింది. ఆటిజం ఉన్న పిల్లల తల్లిదండ్రులు కొందరు ఇది మా పిల్లలకి సరిపోదని కోర్టుకెక్కారు. ఏళ్ల తర్వాత డిస్నీయే గెలిచింది. 2024లో నియమం ఇంకా బిగిసింది. ఆటిజం లాంటి ఎదుగుదల వైకల్యాల వల్ల ఎక్కువసేపు లైన్లో ఉండలేనివారికే ఆ సౌకర్యం. వీడియో కాల్‌లో మాట్లాడి నిర్ణయిస్తారు. అబద్ధం చెప్పినట్టు తేలితే ఆ మనిషికి ఇక ఎప్పటికీ పార్కుల్లోకి ప్రవేశం లేదు.

ఎవరి అబద్ధానికి ఎవరు మూల్యం చెల్లించారో చూడండి. చుట్టూ శబ్దం, వెలుగు ఎక్కువైతే చెవులు మూసుకుని నేల మీద కూర్చుండిపోయే పిల్లలున్న కుటుంబాలు మన సంఘాల్లోనూ ఉన్నాయి. ఆ తల్లులు ఆదివారం ఆరాధనకి రావడానికే ఎంత ధైర్యం కూడగట్టుకుంటారో మనం చూస్తున్నాం. అలాంటి తల్లి ఇప్పుడు తెలియని మనిషికి తన బిడ్డ బలహీనతలన్నీ వీడియోలో వివరించి, నమ్మించి, ఒప్పించాలి. గంటసేపు లైన్లో నిలబడే ఓపిక లేని ఆరోగ్యవంతుల వల్ల ఆమెకి ఈ గతి పట్టింది. "పిల్లాడికి ఏదో ఉందని చెప్పండి, లైను తప్పుతుంది" అన్న చిట్కా మన భోజనాల బల్లల దగ్గర కూడా వినిపిస్తుంది. దాన్ని తెలివి అనుకుని నవ్వుతాం. అది పక్క బల్ల దగ్గర కూర్చున్న ఆమె చేతిలోంచి లాక్కున్నది.

అయినా "ఎప్పటికీ" అన్న శిక్ష దగ్గర నేను ఆగిపోతాను. కోపం న్యాయమే, శిక్ష పడాల్సిందే. కానీ ముప్పై ఏళ్ల వయసులో అబద్ధమాడిన మనిషి యాభై ఏళ్లకి అదే మనిషా అని అడిగే ఏర్పాటు పార్కు దగ్గర ఉండదు. మళ్లీ చూడాల్సిన అవసరం లేని మనిషి విషయంలోనే ఆ మాట అంత తేలిగ్గా వస్తుంది. దీనికి నేను కంపెనీని తప్పు పట్టను. అది టికెట్లు అమ్మే సంస్థ, మనిషి మారాడా లేదా అని ఇరవై ఏళ్లు కనిపెట్టుకుని ఉండదు.

ఈ మధ్య కొన్ని పార్కులు ఎంచుకున్న ఇంకో దారి నన్ను ఆలోచింపజేసింది. 2022 జులైలో కాలిఫోర్నియాలోని నాట్స్ బెర్రీ ఫార్మ్‌లో ఒక శనివారం టీనేజర్ల కొట్లాటల వల్ల పార్కుని ముందే మూసేయాల్సి వచ్చింది. తర్వాత శుక్ర, శనివారాల్లో 17 ఏళ్లు, అంతకు లోపువాళ్లు కనీసం 21 ఏళ్ల పెద్దవాళ్లతోనే రావాలన్నారు. 2023లో షార్లెట్ దగ్గరి కారోవిండ్స్, సిన్సినాటి దగ్గరి కింగ్స్ ఐలండ్ కూడా ఇలాంటి నియమం పెట్టాయి. అక్కడ 15 ఏళ్లు, అంతకు లోపువాళ్లకి సాయంత్రం 4 తర్వాత పెద్దవాళ్లు తోడుండాలి.

బుద్ధిగా ఉండే పిల్లలు దీన్ని అన్యాయం అంటారు. వాళ్ల మాటలో నిజముంది. కొట్టుకున్నది ఎవరో, ఆంక్ష పడింది వయసు మీద. ఇదీ ఒక రకంగా రకాన్ని చూసి గేటు వేయడమే. కానీ ఇందులో పార్కు నోరు తెరిచి చెప్పని ఒప్పుకోలు ఒకటి ఉంది. కెమెరాలున్నాయి, గార్డులున్నారు, షెరిఫ్ ఉన్నాడు. అయినా పద్నాలుగేళ్ల పిల్లాడి భుజం మీద చేయి వేసి "ఒరేయ్, చాలు, పద" అనడానికి వీళ్లెవరూ పనికిరారు. వాడి పేరు తెలిసినవాళ్లే కావాలి. గార్డు వాడిని బయట పెట్టగలడు, అంతకు మించి వాడికి చేయగలిగింది లేదు. మామయ్యో, పెద్దమ్మో, సండే స్కూల్ టీచరో అయితే వాడి మొహం చూడగానే పొద్దున ఇంట్లో ఏదో జరిగిందని కనిపెడతారు.

మత్తయి సువార్త 18వ అధ్యాయంలో ఉన్న క్రమం గుర్తుచేసుకుంటే, తప్పు చేసిన సహోదరుడి దగ్గరికి మొదట ఒంటరిగా వెళ్లమంటుంది. ఆ తర్వాత ఒకరిద్దరిని వెంటబెట్టుకుని, ఆ తర్వాతే సంఘం ముందు. పార్కు పద్ధతిలో మొదటి మెట్లు ఉండవు, ఉండే వీలూ లేదు. మనకి వీలుంది కానీ మనమూ చివరి మెట్టు నుంచే మొదలుపెడతాం. గొడవ పడిన కుటుంబాన్ని ఎవరూ రావద్దని అనరు. వాట్సాప్ గ్రూపులో వాళ్ల మెసేజీకి జవాబు రాదు, బర్త్‌డే పిలుపులు ఆగిపోతాయి. తర్వాత ఎప్పుడో "వాళ్లు ఈ మధ్య రావట్లేదు" అనుకుంటాం. గ్లవ్స్ వేసుకున్న గార్డు కనీసం ఎదురుగా నిలబడి ఎందుకో చెప్పాడు. ఆ అధ్యాయం చివరికి మాట వినని మనిషిని సుంకరిలా చూడమంటుంది కదా అంటారు కొందరు. ఆ సువార్తకి ఎవరి పేరుందో, ఆయన ఏ ఉద్యోగంలోంచి లేచి వచ్చాడో వాళ్లకి తెలుసు.

వేసవి సెలవుల్లో చాలా సంఘాల్లో యౌవనస్థుల్ని పార్కుకి తీసుకెళ్లే ఆనవాయితీ ఉంది. పేర్లు రాసే కాగితం ఫెలోషిప్ హాల్లో కాఫీ డబ్బాల పక్కన పెడతారు. ఎడమవైపు పిల్లల పేర్లు, కుడివైపు వెంట వచ్చే పెద్దల పేర్లు. ఎడమవైపు ఒక్క ఆదివారంలో నిండిపోతుంది.