రక్షణయా, నిర్బంధమా?

వేశ్యాగృహమునుండి విడిపింపబడిన బాలికకు ముందుగా నీతిబోధ కావలెనని పలువురు తలంతురు. అమ్మినవారి పాపమును, కొన్నవారి పాపమును ఆమెకు అంటగట్టుట ఏ ధర్మమో మాకు గోచరింపదు. 18 ఏండ్లు నిండని బాలిక సమ్మతి చెల్లదని 2012 నాటి పోక్సో చట్టమే చెప్పుచున్నది. తప్పించుకొని మరల అచ్చటికే పోయిన బాలిక కృతఘ్నురాలు కాదు. నమ్మినవారే అమ్మిరి గనుక ఇక నెవరిని నమ్మవలెనో యామె యెఱుగదు.

పెద్దదైనచో చిక్కు మఱియు హెచ్చు. 1956 నాటి అనైతిక వ్యాపార నిరోధక చట్టము 17వ విభాగముచే ఆమెను ఒకటి మొదలు మూడేండ్లు రక్షణగృహమున నుంచవచ్చును. తాళము వైచి రక్షించితి మందుమా? వేశ్యాగృహమునకును తాళమే యుండెను గదా! ఇష్టములేక యుంచబడిన వయోజన స్త్రీల సంగతి విచారించి విడుదల కేర్పాటు చేయుడని సుప్రీంకోర్టు 2022 మే 19న రాష్ట్రములను ఆదేశించినది.

అయినను తలుపు తెరచినంత చాలదు. వెలుపల తార్పుడుగాడు కాచియుండును, పుట్టినింటివారు రానీయరు. చేతిలో కూలి యుండవలెను. 1996లో హైదరాబాదున మెహబూబ్ కీ మెహందీ ఖాళీచేయింపబడిన పిమ్మట వెలసిన ప్రజ్వల సంస్థ ఇట్టి స్త్రీలకు వడ్రంగము, వెల్డింగు నేర్పినది. కుట్టుపని తప్ప మఱేమియు తోచని దాతలకు ఇది వింతయే. తాను చేసిన బల్లకు ఆమె వెల చెప్పునప్పుడు బేరమాడువాడు బల్లనే చూచును.