ఎప్పుడు వెలుగుద్ది?

ఒంగోలుకు తూర్పున, సముద్రం ఒడ్డున ఉంది కొత్తపట్నం. 1937లో అక్కడ వేసవి రాజకీయ పాఠశాల పెట్టి కుర్రకారుకు ప్రశ్నించడం నేర్పారు. సర్కారు ఆ పాఠశాలను నిషేధించింది. అలాంటి ఊళ్లో ఒక మిర్చి వ్యాపారి ఉండేవాడు. ఆయనకు చెప్పడమే గానీ అడగడం అలవాటు లేదు.

ఆయనకొక డీజిల్ కారు, దానికొక డ్రైవర్ కుర్రాడు. ఇల్లు సముద్రానికి ఎదురుగా. కారుకు షెడ్డు లేదు, రాత్రంతా ఆరుబయటే. మాఘమాసం, మిర్చి కోతలు ముమ్మరంగా సాగుతున్న రోజులు. ఒక పొద్దున బండి స్టార్ట్ చేయగానే మీటర్ల మధ్య ఇంజను బొమ్మ పసుపుపచ్చగా వెలిగి ఆరకుండా ఉండిపోయింది. బండి కదిలింది గానీ పికప్ లేదు. ముందు పోతున్న ట్రాక్టరును కూడా దాటలేకపోయింది.

ఊళ్లో ఒకాయన బ్యాటరీ టెర్మినల్ ఊడదీసి కాసేపాగి పెట్టమన్నాడు. దీపం ఆరింది. దాంతోపాటు బండి కంప్యూటర్ రాసి పెట్టుకున్న తప్పు వివరం కూడా చెరిగిపోయింది. మర్నాడు పొద్దున దీపం మళ్లీ హాజరు.

ఒంగోలు తీసుకెళ్లారు. స్టీరింగ్ కింద ఉండే పదహారు పిన్నుల సాకెట్‌కు స్కానర్ తగిలిస్తే పి0193 అని కోడ్ వచ్చింది. రైలు ప్రెషర్ సెన్సర్ సర్క్యూట్ నుంచి రావలసిన దానికంటే ఎక్కువ వోల్టేజి వస్తోందని దానర్థం. ఇంజెక్టర్లకు డీజిల్ అందించే గొట్టాన్ని రైలు అంటారు. అందులో ఒత్తిడి ఎంతుందో కంప్యూటర్‌కు చెప్పేది ఆ సెన్సర్. సర్క్యూట్ అన్నాక సెన్సర్ ఉంటుంది, మూడు తీగలుంటాయి, వాటిని కలిపే కనెక్టర్ ఉంటుంది. కానీ షాపులో డబ్బాలో దొరికేది సెన్సర్ ఒక్కటే కదా! అదే మార్చారు. వ్యాపారి అటునుంచి అటే గుంటూరు యార్డుకు వెళ్లి వారం ఉన్నాడు. దీపం మళ్లీ కనిపిస్తే ఒట్టు. ఇంటికొచ్చిన రెండో పొద్దున వెలిగింది.

ఈసారి గుంటూరులోనే చూపించాడు. హైప్రెషర్ పంపు పోయిందన్నారు. నాలుగు రోజులు షెడ్డులో ఉంచుకుని మార్చారు. ఆ బిల్లు కట్టడానికి పది టిక్కీల (బస్తాల) మిర్చి డబ్బు పోయింది. దీపం ఆరింది. కొత్తపట్నం చేరాక మళ్లీ వెలిగింది.

బావమరిది వచ్చి, ఇది నరదిష్టి, నిమ్మకాయలు కట్టమన్నాడు. కట్టారు. చేసిన వైద్యాలన్నిట్లోకీ ఖర్చు తక్కువైంది ఇదే. ఫలితం మాత్రం మిగతావాటితో సమానం.

చివరికి ఎవరో చెబితే ఒంగోలులో ఒక ముసలి ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్లారు. ఆయన స్కానర్ ముట్టుకోలేదు, బానెట్ కూడా ఎత్తలేదు.

"ఎప్పుడు వెలుగుద్దయ్యా ఇది?" అన్నాడు.

"ఎప్పుడంటే అప్పుడే. దానిష్టం," అన్నాడు వ్యాపారి.

పక్కన టీ తాగుతున్న డ్రైవర్ కుర్రాడు గొంతు సవరించుకున్నాడు. "అట్టా కాదు బాబాయ్. మనింటి దగ్గర మంచు బాగా పడిన పొద్దునే వెలుగుద్ది. ఎండెక్కి ఇంజను వేడెక్కి, మజ్జలో ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే పికప్ వచ్చుద్ది. గుంటూరులో ఎన్ని రాత్రిళ్లు బయట పెట్టినా వెలగలేదు."

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం?" వ్యాపారి కసిరాడు.

"అడిగితే గదా!"

ముసలాయన నవ్వి వ్యాపారి వైపు తిరిగాడు. "ఏ చేలోదో, ఎప్పుడు కోశారో, ఎన్నాళ్లు ఎండబెట్టారో అడక్కుండా, గోతంలో చెయ్యి పెట్టి తేమ చూడకుండా ఒక్క టిక్కీ అయినా కొంటావా నువ్వు? కారుకెందుకయ్యా అంత తొందర?"

అప్పుడు బానెట్ ఎత్తాడు. ఇంజను నడుస్తుండగా మీటరు పెట్టి సెన్సర్ తీగను మెల్లగా కదిపాడు. కదిపినప్పుడల్లా వోల్టేజి ఎగిరి పడుతోంది. ఇంజను ఆపి కనెక్టర్ ఊడదీశాడు. లోపలి రబ్బరు సీలు పగిలి ఉంది. పిన్నుల మీద పచ్చగా చిలుము.

సంగతి ఇదీ. సీలు పగలడంతో సముద్రపు గాలిలోని ఉప్పు లోపలికి చేరింది. ఉప్పు రాత్రి తేమను పీల్చుకుంటుంది. తేమకూ చిలుముకూ మధ్య పిన్నులు సరిగా కలవవు, కంప్యూటర్‌కు తప్పుడు లెక్క అందుతుంది. అది భయపడి ఇంజను శక్తి తగ్గించి దీపం వెలిగిస్తుంది. ఇంజను వేడికి తేమ ఆరితే లెక్క సరిపోతుంది. కానీ దీపం వెంటనే ఆరదు. చాలా కార్లలో వరసగా మూడు ప్రయాణాలు తప్పు లేకుండా సాగితేనే ఆరుతుంది. సముద్రానికి దూరంగా గుంటూరులో నాలుగు రోజులు తిరిగితే దానంతటదే ఆరిపోయేది. పైగా విడిభాగం మార్చినప్పుడల్లా కనెక్టర్ తీసి పెట్టడంతో పిన్నులు కాస్త రాచుకుని కొన్నాళ్లు బాగుండేవి. పేరు మాత్రం సెన్సర్‌కూ, పంపుకూ వచ్చింది.

ముసలాయన బ్యాటరీ తీగ తీసి, కనెక్టర్ ముక్క కొత్తది వేసి, పిన్నులు శుభ్రం చేసి, తేమ చొరబడకుండా సిలికాన్ గ్రీజు పూశాడు. వ్యాపారి పర్సు తీస్తే, అందులో సగం ఆ కుర్రాడికివ్వమన్నాడు.

నీతి: తప్పు పేరు తెలిసినంత మాత్రాన కారణం తెలిసినట్టు కాదు. మందు వేశాక తగ్గిందంటే మందు వల్లే తగ్గిందనీ కాదు. ఎక్కడ, ఎప్పుడు అన్న సంగతి రోజూ దాంతో బతికేవాడికి తెలుస్తుంది. ముందు అతన్ని అడగాలి.

మీ బండిలో ఆ పసుపు బొమ్మ వెలిగితే తేదీ, వేళ, చోటు, వాతావరణం, డీజిలో పెట్రోలో ఎక్కడ పోయించారన్నది ఒక కాగితం మీద రాయండి. కోడ్ చెరిపించే ముందు ఫొటో తీసుకోండి. విడిభాగం కొనే ముందు తీగా, కనెక్టరూ చూశారా అని మెకానిక్‌ను అడగండి. బండి మామూలుగా నడుస్తుంటే పసుపు దీపం ఇవన్నీ చేసుకునే వ్యవధి ఇస్తుంది. ఎర్రటి ఆయిల్ డబ్బా దీపం ఇవ్వదు. అది వెలిగితే మాత్రం ఎవర్నీ ఏమీ అడగకుండా బండిని పక్కకు తీసి వెంటనే ఇంజను ఆపేయండి.