పెచ్చూడిన కప్పు ఎవరి చేతికి?



మా యింట ఆరు పింగాణీ కప్పులున్నవి. ఆ మధ్య తోముచుండగా ఒకటి తొట్టి అంచుకు తగిలి, సరిగా పెదవి ఆనుచోట పెసరగింజంత పెచ్చు ఊడిపోయినది. పారవేయుటకు మనసొప్పలేదు. విరిగినవి బాగుచేయుట నాకు సరదా కూడ. కుర్చీకాళ్లు, గొడుగు ఊచలు, ఏదియు నా చేతినుండి తప్పించుకొనలేదు.

ఇట్టి కప్పును మొదట వ్రేలిగోటితో మీటి వినవలెను. ఖంగుమన్నయెడల ఊడినది పెచ్చు మాత్రమే. బొంగురుగా పలికినయెడల లోపల బీట యున్నది. వేడి టీ పోసినప్పుడు అది చేతిలోనే విచ్చిపోవచ్చును గనుక త్రాగుటకు ఉంచరాదు. తరువాత ఊడినచోట ఒక నీటిచుక్క వేసి చూడవలెను. చుక్క నిలిచినయెడల అది గట్టిగా కాలిన పింగాణీ. ఇంకినయెడల లోపలిది ఉత్త మన్నే. పై గాజుపూత పోయినందున టీయు మురికియు అక్కడ పీల్చుకొనును, ఎంత తోమినను పోవు. మా కప్పుమీద చుక్క నిలిచినది.

నేను బజారునుండి రెండు ట్యూబుల జిగురు తెచ్చి, సమపాళ్లుగా కలిపి, పెచ్చుచోట నింపి, ఒక దినమంతయు ఆరనిచ్చితిని. చూపునకు చక్కగానే యుండెను. మా యింటావిడ దానిని చేతికి తీసికొని, “ఏమండీ, వేడి టీ పోస్తే ఈ జిగురు ఎక్కడికి పోతుంది? కడుపులోకే గదా!” అనెను. ఆ మాట నిజము. అట్టి జిగురు వేడికి మెత్తబడును, నోటికి తగులు పాత్రల కొరకు చేసినది కాదు. గాజుపూతనే మరల వేయుదమన్న, వెయ్యి డిగ్రీలకు మించిన ఆవము కావలెను. మన పొయ్యి చాలదు. యిర్మీయా 18వ అధ్యాయములో కుమ్మరి చెడిన పాత్రను మరల చేయగలిగెను, ఏలయనగా అది సారెమీది పచ్చిమన్ను. 19వ అధ్యాయములో ప్రవక్త పగులగొట్టినది కాలిన కూజా. అది మరల బాగుకాదు. ఈ రెంటిని కలిపి చదువువారు తక్కువ.

జపాను దేశములో పగిలిన పాత్రలను ఒకజాతి చెట్టుపాలతో అతికి, అతుకుమీద బంగారు పొడి అద్దుదురు. కింత్సుగి అని దాని పేరు. అతుకును దాచరు. అట్టి గిన్నెను గౌరవముగల అతిథి ముందుంచుటకు సిగ్గుపడరు. నాకు అంత విద్య లేదు. జిగురు గీకివేసి, వాటరు పేపరును నీటిలో తడిపి అంచును నున్నగా రుద్దితిని. తడిపి రుద్దినయెడల ఆ పొడి ముక్కులోనికి పోదు. పెదవి కోయుట మానినది గాని నొక్కు కనబడుచునేయున్నది.

కప్పు అలమరలోనికి తిరిగి వెళ్లెను, అయితే వెనుక వరుసకు. ఎవరు పెట్టిరో తెలియదు, నేనే కావచ్చును. పది దినములు మాలో ఎవరమును దానిలో త్రాగలేదు.

నాట్ల దినములలో ఒక మధ్యాహ్నము మన సంఘస్థురాలైన ఒక పెద్దమ్మ ప్రార్థన చేయించుకొనుటకు వచ్చెను. మా యింటావిడ ఊరిలో లేదు గనుక నేనే టీ పెట్టి, కప్పు కొరకు చేయి చాపితిని. ఆ చేయి ముందు వరుసను దాటి వెనుకకు పోయెను. నేనేమియు ఆలోచింపలేదు. ఆలోచింపకయే చేసితిననునదే నన్ను బాధించుచున్నది. ఆమె కప్పు అందుకొని, దానివైపు చూడకయే బొటనవ్రేలితో అంచు తడిమి, నొక్కును ప్రక్కకు త్రిప్పుకొని త్రాగెను. ఎన్ని ఇండ్ల కప్పులు ఆ వ్రేలికి ఆ పని నేర్పెనో!

మా నాయన ఆసామి గొడ్లసావిడి చూరులో దోపిన కప్పులో త్రాగినవాడు. త్రాగి, కడిగి, తానే మరల చూరులో దోపవలెను. హోటలులో అందరికొరకు ఉంచిన పాత్రను అంటరానితనము పేరట ఒకనికి నిరాకరించుట నేరమని 1955లో చట్టము వచ్చినది. అయితే ఏ చట్టమును పాదిరి యింటి అలమరలో వెనుక వరుసను వెదకదు గదా.

“కడిగిన కప్పే గదా, టీ అదే గదా, పాలు చక్కెర తగ్గించితివా?” అని నాలో నేనే వాదించుకొంటిని. నొక్కు పాపము కాదు, పొదుపును పాపము కాదు. పేదయింట మంచి కప్పు అతిథికిచ్చి నొక్కుది తాను తీసికొనువానిని ఎవడు తప్పుపట్టును? నా సంగతి అది కాదు. నేను ఆ కప్పును నా కొరకు బాగుచేసికొనలేదు. నాకు తక్కువైన దానిని మరియొకరికి చాలునట్లు చేసితిని. క్రిస్మసుకు మనమిచ్చు పాతబట్టల ప్రస్తావన ఇక్కడ తేను.

సుఖారు బావియొద్ద ప్రభువుకు చేదుకొనుటకు ఏమియు లేకుండెను. యూదులకును సమరయులకును పొత్తులేని కాలమది. అయినను ఆ స్త్రీని నీళ్లడిగెను. ఆమె ఇచ్చినయెడల ఆమె పాత్రతోనే గదా త్రాగవలెను! ఆమె ఆశ్చర్యములో సగము అందుకేనని నా తలంపు.

ఆ కప్పులో ఇప్పుడు నేను త్రాగుచున్నాను. మొన్న ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత ఆ పెద్దమ్మ యింటికి వెళ్లితిని. టీ కాచి తెచ్చెను. ఇంట ఉన్నవి రెండే స్టీలు గ్లాసులు, ఒకదానికి అడుగున పెద్ద సొట్ట. అది ఆమె ఉంచుకొనెను. “అది నాకియ్యి పెద్దమ్మా” అంటిని. “వద్దయ్యగారూ, కింద పెడితే ఒరిగిపోతుంది. నాకైతే అలవాటే” అని నవ్వెను గాని ఇయ్యలేదు.