ఇష్టమేగా!

అలాస్కాలోని యాంకరేజ్ నగరంలో చలికాలమంతా వీధుల్లో పడ్డ మంచుని లారీలకెత్తి వేరేచోట పోస్తారు. మార్చి నెల మొదటి శనివారానికి మటుకు అదే లారీల్లో మంచు తెచ్చి నాలుగో ఎవెన్యూ మీద పరుస్తారు! ‘ఇడిటరాడ్’ అనే కుక్కబళ్ళ పందెం ఆ వీధిలో లాంఛనంగా మొదలవుతుంది మరి. అసలు పోటీ మర్నాడు. సముద్రపుటొడ్డున ఉన్న నోమ్ దాకా, మంచులో దాదాపు వెయ్యి మైళ్ళు.

ఆ ఆరంభం చూడ్డానికి వెళ్ళిన జనంలో నేనూ ఉన్నాను. బండికి కట్టగానే కుక్కలకి పూనకమే వచ్చింది. ఒకటే అరుపులు, గెంతులు. ఒక్కో జట్టుని ఆపడానికి అరడజనుమంది పట్టుకు వేలాడాల్సి వచ్చింది. వదిలారో లేదో, అరుపులు ఠక్కున ఆగిపోయాయి. మంచు మీద బండి జారే చప్పుడు తప్ప ఇంకేం లేదు.

“చూశారా, వాటికెంత ఇష్టమో! ఎవరైనా బలవంతపెట్టారా?” అంది నా పక్కనున్నావిడ.

నిజమే, ఎవరూ బలవంతపెట్టలేదు. కానీ ఆ మాట నేను చాలా ఇళ్ళల్లో విన్నాను. “మా అమ్మకి వంటింట్లో ఉంటేనే తోస్తుందండీ”, “మా కోడలికి పదిమందికి వండిపెట్టడమంటే సరదా!” అబద్ధమని అనను. కాకపోతే ఆ మాట అనేశాక ఇంక ఎవరూ ఏమీ అడగనక్కర్లేదు, అదీ దాని సుఖం.

1925లో నోమ్‌లో పిల్లలకి డిఫ్తీరియా సోకితే, ఇరవైమంది మనుషులు, సుమారు నూటయాభై కుక్కలు వంతులవారీగా 674 మైళ్ళు పరిగెత్తి అయిదున్నర రోజుల్లో మందు చేర్చారు. ఆనాటి పరుగు ప్రాణాల కోసం. ఈనాటిది బహుమతి కోసం. కుక్క మటుకు రెండింటికీ ఒకేలా ప్రాణం పెడుతుంది. ఆ తేడా తెలియవలసింది బండి మీద నిలబడ్డవాళ్ళకి.

1985లో లిబీ రిడిల్స్ అనే ఆవిడ, మిగతావాళ్ళు తుఫానుకి జంకి ఆగిపోతే, తను బయల్దేరి గెలిచింది. ఈ పందెం గెలిచిన మొదటి స్త్రీ ఆవిడే. ఆ ధైర్యానికి నేనూ మురిసిపోయాను. అయితే ఆవిడకి పొయ్యి పక్కన కూర్చునే వీలుంది, కాదని వెళ్ళింది. ఆవిడ కుక్కలకి ఆ వీలేదీ? కాదనే వీలుండీ సరేననడాన్నే నేను ఇష్టమంటాను.

పందెం పెట్టినవాళ్ళకీ ఈ సంగతి కొంత తెలుసు. అందుకే ఒకసారి ఇరవైనాలుగు గంటలు, రెండుసార్లు ఎనిమిదేసి గంటలు ఆగి తీరాలని నియమం. దారిలో పశువైద్యులుంటారు. అలసిన కుక్కని మజిలీలో దింపేస్తారు. అయినా 2024 పందెంలో మూడు కుక్కలు చచ్చిపోయాయి. ఈ పందాలే వద్దనేవాళ్ళ కోపాన్ని నేను తోసిపుచ్చలేను. ఆ కుక్కల సంబరం అబద్ధమనీ అనలేను. ఒకటి మటుకు గట్టిగా చెప్పగలను: అవతలివారి ఇష్టం ఎంత ఎక్కువైతే, ‘ఇంక చాలు’ అనవలసిన బాధ్యత మనమీద అంత పెరుగుతుంది.

మన ఇళ్ళల్లో ఆ నియమాలు రాసినవారెవరూ లేరు. అంచేత ఈసారి ఎవరైనా “ఆవిడకదంతా ఇష్టమేనండీ” అంటే మీరొక్కటి అడిగి చూడండి: ఆవిడ ఏనాడైనా “ఇవాళ నావల్ల కాదు” అంటే, ఆ పూట ఆ ఇంట్లో ఏం జరుగుతుంది?