ముత్యపు వెల

హైదరాబాదు వెళ్లి పత్తర్‌గట్టిలో ముత్యాల దుకాణములు చూచినప్పుడెల్ల, ప్రియులారా, మత్తయి 13:45, 46లోని వర్తకుడు మాకు జ్ఞాపకము వచ్చును. అతడు తనకు కలిగినదంతయు అమ్మెను; ఏడ్చుచు అమ్మెనని యెక్కడను లేదు.

అతడు వర్తకుడు. పేదవారి మాట యేమి? అజరయ్యగారు బిషప్పుగా ఉండిన కాలమున (1912–1945) డోర్నకల్ ప్రాంతపు సంఘములలో స్త్రీలు వంటకు బియ్యము తీయునప్పుడే ప్రభువునకు పిడికెడు వేరుగా ఉంచెడివారు. కూడు అందరికి చాలునో లేదో తెలియకముందే! మనమో, ఖర్చుపోగా మిగిలిన చిల్లర వెదకుదుము.

అట్టి బియ్యము తినిన పాదిరులము మేము. ఆకలి యింట పిడికెడు తీసికొనుట న్యాయమా? వద్దందుమా, ఆమె సంతోషమును దోచినవారమగుదుము. మాసిదోనియలోని పేదలు తమ కానుక తీసికొమ్మని వేడుకొనిరి (2 కొరింథీ 8:4). కనుక తీసికొనుచున్నాము. అయితే ఆమె పొయ్యి రాజని దినమున ఆ బియ్యము ఆమె యింటికే పోవలెనని సంఘపెద్దలతో పట్టుబట్టుచున్నాము.